డిస్క్ బ్రేక్ మీద నూనె వేయమని చెప్పకండి

సంపాదకుల వారికి నమస్తే సార్,

మీ పేపర్ మా ఇంటికి 20 ఏండ్ల సంది వస్తుంది, పొద్దుగాల చాయ్ తాగుకుంట జిల్లా పేజీ చదవకుంటే నాకు దినం మొదలైనట్టే ఉండది. ఇన్నేండ్లల్ల మీకు ఒక్క ఉత్తరం రాయలేదు. ఇప్పుడెందుకు రాస్తున్ననంటే, పోయిన నెల మీ ఇంటి చిట్కాల డబ్బాల రెండు లైన్లు వచ్చినయి, తలుపు బందులు, కిటికీ రెక్కలు, సైకిల్ బ్రేకులు కీచుమంటుంటే రెండు చుక్కల మిషన్ నూనె వేస్తే చప్పుడు బంద్ అయితదని. అది చదివి మా బిడ్డ తన గేర్ సైకిల్ డిస్కులకు నూనె వేసింది, తెల్లారి కాజీపేట నుంచి హనుమకొండల కాలేజీకి పోతూ ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుడు కాడ బ్రేక్ పడక కింద పడ్డది.

దేవుని దయ, ముందల బస్సు లేదు, ఆటో లేదు. రెండు లివర్లు హ్యాండిల్‌కు ఆనేదాక నొక్కిందట, సైకిల్ ఆగుడు కాదు గదా దిగుడుల ఇంకింత జోరందుకున్నది, కాళ్లు కిందికి పెట్టి రాసుకుంట రాసుకుంట పోయి బ్రిడ్జి పక్క గోడకు తాకి పడ్డది. మోకాలి చిప్ప మీద తోలు లేచిపోయింది, ఎడమ చెప్పు అడుగు సగం అరిగింది. ఇంటికొచ్చి ఏడ్వలేదు, నా ముందల నిలబడి "బాపూ, పేపర్ల చెప్పినట్టే చేసిన గదా, మరెందుకు ఆగలే" అని అడిగింది. ఆ మాటకు జవాబు మీ పేపర్లనే రావాలె సార్, ఎందుకంటే ఆ చిట్కా చదివింది మా బిడ్డ ఒక్కతే కాదు.

నేను ఆర్టీసీ డిపోల బ్రేక్ పని 22 ఏండ్లు చేసిన. బస్సు చక్రం నడుమ ఉండే హబ్బుల ఆయిల్ సీల్ పోయి గ్రీజు కారి లైనర్ మీద, అంటే బ్రేక్ పట్టే పట్టీ మీద, పడ్డదంటే ఆ లైనర్‌ను తుడిచి మళ్ల పెట్టేది లేదు, తీసి పారేసి కొత్తది వేసుడే. ఒక దిక్కు లైనర్‌కు గ్రీజు తాకితే డ్రైవర్ బ్రేక్ తొక్కంగనే బస్సు ఇంకో దిక్కుకు గుంజుతది, అట్ల గుంజిందని డ్రైవర్ లాగ్ షీట్ల రాస్తే మేం ముందు చక్రం విప్పి సీలే చూసేది. అందుకే నూనె పోసిన డిస్క్ తోని మా బిడ్డ బ్రిడ్జి ఎక్కిందని తెల్వంగనే నా చేతులు చల్లబడ్డయి.

మీ చిట్కా ఎక్కడికెళ్లి వచ్చిందో నాకు అంతో ఇంతో అర్థమైంది. మా చిన్నప్పుడు అట్లాస్, హీరో సైకిళ్లకు హ్యాండిల్ కాడి నుంచి చక్రం దాక ఇనుప కడ్డీల బ్రేకు ఉండేది, ఆ కడ్డీల కీళ్లు తుప్పు పట్టి కిర్రుమంటే అక్కడ ఒక చుక్క నూనె వేసేటోళ్లు. కీలుకు వేసేది, రిమ్ముకు ఆనే రబ్బర్లకు ఎన్నడూ వేయకపోయేది, సైకిల్ టాక్సీ నడిపే ముసలాయన కూడ నూనె డబ్బా మూతి రిమ్ముకు తాకకుంట గుడ్డ అడ్డం పెట్టి వేసేటోడు. ఇప్పటి పిల్లల సైకిళ్లకు కడ్డీలు లేవు, చక్రం నడుమ స్టీల్ డిస్క్ ఉంటది, దాన్ని రెండు దిక్కుల నుంచి ప్యాడ్లు పట్టుకుంటయి. పాత మాట కొత్త సామానుకు అతికించేసరికి ఇట్లయింది.

డిస్క్ ఎందుకు కీచుమంటదో చెప్త. లివర్ నొక్కినప్పుడు ప్యాడ్ డిస్క్‌ను పట్టుకుంటది, జర్రంత జారుతది, మళ్ల పట్టుకుంటది, ఇది ఒక్క సెకన్ల వందల సార్లు, ఒక్కోసారి వేల సార్లు అయితది, దాంతోని ఆ పలుచటి స్టీల్ బిళ్ల వణికి మోగుతది. స్టీల్ పళ్లెం మీద చెంచా గీస్తే పండ్లు జివ్వుమంటయి గదా, అదే జాతి చప్పుడు. డిస్క్, ప్యాడ్ రెండూ శుభ్రంగ ఉండి ఒకదానికొకటి సమానంగ ఆనుతుంటే ఆ పట్టుకునుడు జారుడు తక్కువ, చప్పుడు తక్కువ. మురికో నూనెనో అక్కడక్కడ అంటుకుంటే ఒక కాడ పట్టుకుంటది ఒక కాడ జారుతది, అప్పుడే మోత లేస్తది.

అసలే నూనె అంటుకునే కీచుమంటున్న డిస్క్ మీద ఇంకింత నూనె పోస్తే ఏమైతది? మొదలు చప్పుడు నిజంగనే బంద్ అయితది, దాన్ని చూసే మనం పని అయిందనుకుంటం. చప్పుడు తోని పాటు పట్టు కూడ పోయిందని దిగుడుల గని తెల్వది. ఆ ప్యాడ్ ముఖం సుద్ద లెక్క నూనె పీల్చుకుంటది, డిస్క్ వేడెక్కిన కొద్ది లోపలి నూనె పైకి వచ్చి మాడి గట్టి పొర కడతది, నాలుగు దినాలకు మొదటి కంటే గట్టిగ అరుస్తది. మా బిడ్డ సైకిల్ అంత దాక కూడ పోనీయలేదు, మొదటి దినమే పడేసింది.

ఆ సాయంత్రం సైకిల్‌ను గోడకు ఆనిచ్చి ముందు చక్రం తీసిన. తెల్ల దస్తీ తోని డిస్క్‌ను తుడిస్తే దస్తీ మీద నల్ల గీత పడ్డది, జర సేపటికి ఆ గీత చుట్టూ పసుపు రంగు వలయం పరుచుకున్నది. నలుపు అంటే ప్యాడ్ పొడి, అది ఉండేదే. ఆ పసుపు నూనె. ప్యాడ్లు బయటికి తీస్తే ఒక్కోటి రూపాయి బిళ్లంత ఉన్నది, మంచి ప్యాడ్ ముఖం మబ్బు రంగుల, పలక లెక్క గరుకు గరుకు ఉండాలె, ఇది నల్లగ నిగనిగ మెరుస్తుంది, బొటనవేలు ఆనిస్తే సర్రున జారింది. ముక్కు కాడ పెట్టుకుంటే కుట్టుమిషన్ వాసనే. మా బిడ్డకు కూడ చూపించిన, ముట్టుకొమ్మన్న, ఆ పిల్ల ఇంకేం అడగలే.

మరి నూనె వేయకముందు మొదటి కీచు ఎక్కడిది అని అడిగితే, వానలకు ముందు మా తమ్ముడు తన బైక్ తోని పాటు ఈ సైకిల్‌ను కూడ వాటర్ సర్వీసింగ్‌కు తీసుకపోయిండు. అక్కడ గ్రీజు మురికి వదలాలని డీజిల్ స్ప్రే కొడతరు, నురుగు కొట్టి కడిగినంక మెరుపు కోసం పాలిష్ కొడతరు. బైక్ ఇంజన్‌కు అది పనికొస్తదేమో గని సైకిల్ డిస్క్ చేతికందేంత ఓపెన్‌గ ఉంటది, డీజిల్ తుంపర, పాలిష్ తుంపర రెండూ పోయి ప్యాడ్ల మీదనే కూసుంటయి. నేను చూసిన మూడు నాలుగు గేర్ సైకిళ్లల్ల కీచు ఇట్ల సర్వీసింగ్ నుంచి వచ్చినంకనే మొదలైంది. సర్వీసింగ్ పిలగాండ్లను తప్పు పడుతలేను, వాళ్లకు ఎవ్వరు చెప్పలే. డిస్క్ ఉన్న సైకిల్ అయితే బకెట్ నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు చాలు, ఇంటికాడనే కడుక్కోండి.

చైన్‌కు నూనె వేసేటప్పుడు కూడ అంతే జాగ్రత్త కావాలె. స్ప్రే డబ్బా పట్టుకుని చైన్ మీద సర్రుమని కొడితే పక్కకే వెనుక డిస్క్ ఉంటది, సగం దాని మీదనే పడుతది. చుక్క చుక్క వేసే సీసా వాడాలె, వెనుక డిస్క్ మీద పాత బనీను ముక్క కప్పాలె, వేసినంక చైన్‌ను తుడవాలె. ఇంకో మాట, డిస్క్‌ను వేళ్లతోని ముట్టుకోవద్దు, మన వేళ్లకు ఉండే జిడ్డు కూడ దానికి అంటుతది. దిగుడు దిగి వచ్చినంక అయితే అస్సలు ముట్టొద్దు, కాలుతది. చక్రం తిరుగుతుంటే వేలు పెట్టొద్దని చిన్న పిల్లలకు గట్టిగ చెప్పాలె, ఆ బిళ్లకు ఉన్న బెజ్జాలల్ల వేలు ఇరికితే తెగుతది.

ఇగ చప్పుడు వస్తే ఏం చేయాలె అనేది. ముందుగాల ఒక్క సంగతి చూసుకోవాలె, చప్పుడు బ్రేక్ నొక్కినప్పుడు వస్తుందా, నొక్కకున్నా వస్తుందా. నొక్కకున్నా చక్రం తిరిగినప్పుడల్లా సర్ర్ సర్ర్ మని ఆగి ఆగి వస్తుందంటే డిస్క్ ప్యాడ్‌కు రాసుకుంటుంది. దానికి నూనెకు సంబంధమే లేదు. చాలా సార్లు చక్రం పంక్చర్‌కు తీసి మళ్ల పెట్టినప్పుడు సరిగ కూసోకపోతే వస్తది, చక్రం నడుమ బిగించే క్విక్ రిలీజ్ లివర్ వదులు చేసి, సైకిల్‌ను నేల మీద నిటారుగ నిలబెట్టి, చక్రం లోపటి దాక కూసున్నదా చూసి మళ్ల బిగిస్తే సగం కేసులు అక్కడనే అయిపోతయి.

అప్పటికీ పోకుంటే క్యాలిపర్‌ను, అంటే ప్యాడ్లు ఉండే డబ్బాను, సెంటర్‌కు తేవాలె. మన దిక్కు పిల్లల చేతిల ఉన్న గేర్ సైకిళ్లల్ల ఎక్కువ శాతం కేబుల్ తోని గుంజే డిస్క్ బ్రేకులే, వాటిల్ల ఒక్క దిక్కు ప్యాడే కదులుతది, చువ్వల దిక్కు ఉన్న ప్యాడ్ కదలదు, దానికి వెనుక చిన్న నాబో అలెన్ బోల్టో ఉంటది, అది తిప్పితే ప్యాడ్ ముందుకు వెనుకకు జరుగుతది. క్యాలిపర్‌ను పట్టుకునే రెండు బోల్టులు 5 నంబర్ అలెన్ కీ తోని వదులు చేసి, ఆ కదలని ప్యాడ్‌కు డిస్క్‌కు నడుమ ఒక విజిటింగ్ కార్డు పెట్టి, లివర్ గట్టిగ నొక్కి పట్టుకుని, నొక్కిన చెయ్యి వదలకుంట బోల్టులు ఇది జరంత అది జరంత బిగించుకుంట రావాలె, ఒక్కటే బోల్టు ఒక్కసారే బిగిస్తే క్యాలిపర్ పక్కకు తిరుగుతది. ఇద్దరుంటే అలకగ అయితది, మా ఇంట్ల మా బిడ్డ లివర్ పట్టుకున్నది నేను బిగించిన. కార్డు తీసి చక్రం తిప్పితే చప్పుడు లేదు. డిస్క్ వంగి ఉంటే మాత్రం ఒక్క జాగలనే రాసుకుంటది, వెనుక తెల్ల కాగితం పెట్టి చక్రం మెల్లగ తిప్పితే ఎక్కడ వంగిందో కండ్లకు కనబడుతది, శుభ్రమైన స్క్రూ స్పానర్ తోని అక్కడ పట్టి కొద్దిగ కొద్దిగ సరిచేయాలె, జోరుగ చేస్తే ఇంకో దిక్కు వంగుతది. డిస్క్‌ను హబ్బుకు పట్టే బోల్టులు కూడ ఒకసారి చూడాలె, ఎక్కువగ ఆరు ఉంటయి, టీ 25 స్టార్ కీ పడుతది, వదులైతే టక్ టక్ మంటది, అది ప్రమాదం కూడ.

బ్రేక్ నొక్కినప్పుడే కీచుమంటే వేరే కథ. వానల తడిసినంక మొదటి నాలుగైదు బ్రేకులకు అరిచి తర్వాత ఊకుంటే దాన్ని వదిలేయండి, అది నీళ్ల చప్పుడు, డిస్క్ ఆరితే పోతది. ఎండల కూడ అరుస్తుంటే మాత్రం శుభ్రం చేయాలె. సెల్‌ఫోన్ రిపేర్ చేసేటోళ్ల కాడ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటది, అది వాడండి. ఉతికిన నూలు గుడ్డకు తడిపి డిస్క్‌ను రెండు దిక్కుల తుడవాలె, గుడ్డ ముక్క మార్చుకుంట, కొత్త ముక్కకు పసుపు మరక అంటని దాక తుడవాలె. కిరోసిన్ పనికిరాదు, డీజిల్ పనికిరాదు, పెట్రోల్ కూడ వద్దు. కిరోసిన్ తోని తుడిస్తే మురికి పోయినట్టే కనబడుతది గని అది ఆరినంక నూనె పొర విడిచిపెడుతది, మళ్ల మొదటికొస్తది.

ప్యాడ్లు తీసేది కూడ పెద్ద పనేం కాదు, మా దాంట్ల చిన్న కాటర్ పిన్ ఉన్నది, కొన్నింట్ల సన్నటి బోల్టు ఉంటది, అది తీస్తే స్ప్రింగ్ తోని కలిసి ప్యాడ్లు బయటికొస్తయి. ముఖం నిగనిగ మెరుస్తుంది గని నూనె పట్టలేదంటే గాజు పలక మీద సాండ్ పేపర్ పరిచి, ప్యాడ్‌ను దాని మీద బోర్లించి సున్నా చుట్టినట్టు రుద్దాలె, మెరుపు పోయి మబ్బు రంగు అంతట సమానంగ వచ్చేదాక. ఆ పొడి పీల్చొద్దు, ముక్కుకు దస్తీ కట్టుకోండి. నూనె తాగిన ప్యాడ్‌ను మాత్రం పారేయాలె. గ్యాస్ పొయ్యి మీద కాలిస్తే నూనె పోతదని ఒకాయన నాకు చెప్పిండు, పైపై నూనె మండుతది గని లోపలిది ఉంటది, బ్రేక్ విషయంల అట్ల సగం నమ్మకం పెట్టుకునుడు నాకు ఒప్పది.

కొత్త ప్యాడ్ల కోసం వరంగల్ల మూడు షాపులు తిరిగిన, ఒక్కో క్యాలిపర్‌కు ఒక్కో ఆకారం ప్యాడ్, పేరు చెప్తే దొరకది, పాత ప్యాడ్ జేబుల పెట్టుకుని పోయి పక్కన పెట్టి పోల్చుకోవాలె. మూడో షాపుల దొరికినయి, జత 250 రూపాయలు. కొనేటప్పుడు రెసిన్ ప్యాడా మెటల్ ప్యాడా అడగండి. రెసిన్‌ది మెత్తగ ఉంటది, చప్పుడు తక్కువ, బురదల తొందరగ అరుగుతది. మెటల్‌ది ఎక్కువ దినాలు వస్తది, వేడికి తట్టుకుంటది, వానల మోత ఎక్కువ. కొన్ని డిస్కుల మీద రెసిన్ ప్యాడ్లు మాత్రమే అని చెక్కి ఉంటది, వాటికి మెటల్ వేస్తే డిస్క్ తొందరగ పాడైతది. కాలేజీకి, ట్యూషన్‌కు పోయే పిల్లలకు రెసిన్‌వే మంచియని నా అభిప్రాయం.

కొత్త ప్యాడ్లు వేసి అట్లనే రోడ్డెక్కొద్దు సార్, ఇది చాలా మందికి తెల్వదు. కొత్త ప్యాడ్‌కు డిస్క్‌కు ఇంకా జత కుదరలే కాబట్టి మొదటి దినం బ్రేక్ సరిగ పడది, ఆ పాటికి బ్రిడ్జి దిగితే మళ్ల అదే కథ. ట్రాఫిక్ లేని సాపు రోడ్డు మీద 20 కిలోమీటర్ల స్పీడు దాక తొక్కి, చక్రం లాక్ కాకుంట గట్టిగ బ్రేక్ పట్టి, నడక స్పీడుకు వచ్చినంక విడిచిపెట్టాలె, మళ్ల తొక్కాలె. ముందుదానికి ఒక 20 సార్లు, వెనుకదానికి ఒక 20 సార్లు. దాంతోని ప్యాడ్ పొడి పలుచగ డిస్క్ అంతట సమానంగ అంటుకుంటది, పట్టు వస్తది. ఆదివారం పొద్దుగాల ఆరింటికి మా వాడకట్టు రోడ్డు మీద మా బిడ్డ ఇదే చేసింది, నేను ఒక చివరన నిలబడి లెక్క పెట్టిన. ఆరేడు సార్ల దాక సైకిల్ జారి జారి ఆగింది, పదకొండో సారికి లివర్ పట్టంగనే ముందు చక్రం నేలను పట్టుకున్నట్టు నిలబడ్డది, ఆ పిల్ల నా దిక్కు తిరిగి చూసింది. మిగిలినయి కూడ పూర్తి చేయించిన.

హైడ్రాలిక్ డిస్క్, అంటే కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడి తోని పట్టే బ్రేక్, ఉన్నోళ్లకు రెండు ముక్కలు. చక్రం తీసినప్పుడు లివర్ నొక్కొద్దు, నడుమ డిస్క్ లేకుంటే ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చి మళ్ల చక్రం పట్టది. రెండోది, దాంట్ల పోసే ఆయిల్ రెండు రకాలు, మినరల్ ఆయిల్, డాట్ ఫ్లూయిడ్. షిమానో బ్రేకులకు మినరల్ ఆయిల్, స్రామ్‌వి చాలా వాటికి డాట్. మోటార్ సైకిల్ షాపుల ఉండేది డాట్, దాన్ని మినరల్ ఆయిల్ బ్రేక్‌ల పోస్తే లోపటి రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం పోతది. ఏది పోయాలెనో ఎక్కువగ లివర్ కాడ డబ్బా మూత మీద రాసే ఉంటది, చూసి పోయించండి.

మన దిక్కు ఇది ఇంకా ఎక్కువ చూసుకోవాలె. వానకాలం హనుమకొండ, కాజీపేట గల్లీలల్ల బురద, ఎండకాలం దుమ్ము, పల్లెలకు పోతే నల్లరేగడి చక్రానికి ముద్దలు ముద్దలు పట్టుకుంటది. ఆదివారం పూట పిలగాండ్లు మడికొండ మెట్టుగుట్టకు, ఐనవోలు దిక్కు, ఇంకా దమ్మున్నోళ్లు పాకాల దాక తొక్కుతుండ్రు, చూస్తే సంబురమైతది. ఆ బురద ప్యాడ్‌ల ఇరికి సాండ్ పేపర్ లెక్క డిస్క్‌ను కొరుకుతది. కొత్త డిస్క్ మందం 1.8 మిల్లీమీటర్ల కాడ ఉంటది, అరిగి 1.5కు వస్తే మార్చాలె, చాలా వాటి మీద ఆ అంకె చెక్కే ఉంటది. ప్యాడ్ ముఖం మందం అర మిల్లీమీటర్‌కు వస్తే అయిపోయినట్టు, నేనైతే ఒక మిల్లీమీటర్ కాడనే మార్పిస్త. అది దాటితే ప్యాడ్ వెనుక ఇనుప రేకు డిస్క్‌కు తాకి ఇనుము ఇనుము గీసుకున్న మోత వస్తది. ఆ మోత వస్తే సైకిల్ దిగి నడిపించుకుంట రావాలె, తొక్కొద్దు.

సార్, నేను అడిగేది ఒక్కటే. ఆ చిట్కా తప్పని, డిస్క్ బ్రేక్ అయినా రిమ్ బ్రేక్ అయినా పట్టే జాగల నూనె, గ్రీజు, స్ప్రే ఏదీ వేయొద్దని, ఇప్పటికే వేసినోళ్లు ప్యాడ్లు మార్చేదాక సైకిల్ ఎక్కొద్దని మీ పేపర్ల వేయండి, అదే చిట్కాల డబ్బాల, అంతే పెద్ద అక్షరాలల్ల. నా ఉత్తరం పొడుగైంది, జాగ లేకుంటే మిగతాది కోసేయండి, ఆ ముక్క మాత్రం కోయొద్దు. ఈ ఊర్ల ఇంకెంత మంది పిల్లలు మిషన్ నూనె సీసా పట్టుకుని సైకిల్ కాడ కూసున్నరో అని నాకు రాత్రి నిద్ర పడుతలేదు.

మా బిడ్డ మోకాలు మానింది, సోమవారం నుంచి మళ్ల సైకిల్ మీదనే కాలేజీకి పోతుంది. పొద్దుగాల మంచుకు వెనుక డిస్క్ మా గేటు దాటే దాక జరంత కీచుమంటది, తర్వాత ఊకుంటది. దాన్ని నేను ముట్టుకోలే.

ఇట్లు
మీ పాఠకుడు, కాజీపేట